పద్నాలుగుకు పద్నాలుగు

జనవరి 21

ఇవాళ టెన్త్ పిల్లలకు ఆప్టిట్యూడ్ టెస్ట్ పెట్టాను. ముప్పై ఎనిమిది మంది రాశారు, ఇద్దరు రాలేదు. సూచనలన్నీ చదివి వినిపించాను. టైము ప్రకారం మొదలుపెట్టాను, టైము ప్రకారం ఆపాను.

దీనికోసం పోయిన వారం జమ్మలమడుగులో ఒకరోజు ట్రైనింగ్ పెట్టారు. నేర్పడానికి వచ్చిన అబ్బాయి పేరు కార్తీక్. మీసం కూడా సరిగా రాలేదు. "సూచనల పుస్తకంలో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా చదవాలి మేడం. మీ మాటలు కలపొద్దు, ఉన్న మాటలు తీసేయొద్దు" అని నా ముఖం చూసి రెండుసార్లు చెప్పాడు. ముప్పై నాలుగేళ్లుగా పులివెందులలో లెక్కలు చెబుతున్నదాన్ని, నాకు చదవడం నేర్పిస్తాడు! భోజనంలో సాంబారు చల్లారిపోయింది.

టెస్టులో ఐదు విభాగాలు. యాంత్రిక విభాగంలో నలభై ప్రశ్నలకు పన్నెండు నిమిషాలు. అంత తక్కువ టైములో పిల్లలు ఏం ఆలోచిస్తారు? వెనక బెంచీ పిల్లలు గబగబా గుండ్రాలు నింపేసి దిక్కులు చూశారు. మొదటి బెంచీలో జువేరియా ఎప్పటిలాగే ఒక్కొక్కటే చూసుకుంటూ చేసింది. పళ్లచక్రాల బొమ్మ దగ్గర చెయ్యెత్తి, "మేడం, ఈ చక్రాల పండ్లు లెక్కపెట్టల్లనా?" అని అడిగింది. "నింపాదిగా చూసుకో, తొందరేం లేదు" అన్నాను. ఆపండి అనేసరికి పద్నాలుగో ప్రశ్న రెండోసారి సరిచూసుకుంటోంది.

నా క్లాసు పిల్లల పేపర్లలో కొట్టివేత కనబడదు. తెలియనిది రాయరు, రాసినది తప్పు పోదు. అది నా పద్ధతి.

జనవరి 22

కాగితాలు కట్ట కట్టి, సీలు వేసి పంపించాను. అయిపోయింది.

ఫిబ్రవరి 26

రిపోర్టులు వచ్చాయి. ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు కాగితం. బలాలు పచ్చగా, బలహీనతలు ఎర్రగా. తల్లిదండ్రులను మీటింగుకు పిలిచి, పరీక్ష దేన్ని కొలుస్తుందో చెప్పి, మా చేత్తోనే ఇవ్వమన్నారు, ఇచ్చాను.

జువేరియా నాన్న కమాల్ బాషా ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. బస్టాండు వెనక మోటర్ రివైండింగ్ షాపు అతనిది. తొండూరు, వేముల దాకా బోర్లలో కాలిపోయిన మోటర్లు సగం అతని దగ్గరికే వస్తాయి. ఏడో తరగతి నుంచి ఆ పిల్ల ఆదివారాలు షాపులో కూర్చుంటుంది.

"పాపను ప్రొద్దుటూరులో డిప్లొమా ఎలక్ట్రికల్ చదివిద్దామనుకుంటాండా మేడం. మా చెల్లెలు ఖమర్‌బీ ఆడనే ఉండాది, ఆమె ఇంట్లో పెట్టుకుంటాది. మా అమ్మ మాత్రం ఆడపిల్లకు మోటర్ల చదువేంది అని కొట్లాడతాంది. ఈ కాయితం చూపిచ్చి ఆమె నోరు మూపిద్దామని కాచుకోనుండా" అన్నాడు.

కాగితం తీసి ఇచ్చాను. అతను కూడబలుక్కుంటూ చదివాడు. యాంత్రిక సామర్థ్యం చాలా తక్కువ. సాంకేతిక కోర్సులు సిఫారసు చేయడం లేదు. అనువైనవి: కుట్టుపని, అలంకరణ, కార్యాలయ సహాయకురాలు.

"ఏంది మేడం ఇది?"

"కంప్యూటర్ వేసిన మార్కులు కమాల్ బాషా. దానికి నీ బిడ్డ, నా బిడ్డ అని తెలియదు" అన్నాను.

అతను కాగితాన్ని మడత పెట్టలేదు. నలగకుండా రెండు చేతులతో పట్టుకొని పోయాడు. పోతూ పోతూ గేటు దగ్గర ఆగి ఇంకోసారి చదివాడు.

సూచనలన్నీ చదివాను కదా. నేనేం చేసేది?

మార్చి 4

జువేరియా మామూలుగానే ఉంది. మొదటి బెంచీలో కూర్చుంటోంది. నేనే బోర్డు వైపు ఎక్కువగా తిరుగుతున్నాను.

మార్చి 19

పబ్లిక్ పరీక్షల డ్యూటీ. ఎండ. అన్నం తిన్నాను, ఏం కూరో గుర్తులేదు.

మార్చి 27

ఇవాళ కూడా డ్యూటీ. అంతే.

ఏప్రిల్ 24

టెన్త్ ఫలితాలు వచ్చాయి. జువేరియాకు ఆరువందలకు ఐదువందల డెబ్బై ఒకటి. లెక్కల్లో నూరు. ఇలాంటి రోజు స్టాఫ్ రూములో అందరికంటే నా గొంతే పెద్దగా వినబడేది. ఇవాళ బాగుంది బాగుంది అని రెండుసార్లు అన్నాను.

సాయంత్రం కమాల్ బాషా ఇంటికి వచ్చాడు. సంచి నిండా చీనికాయలు తెచ్చాడు. లోపలికి రమ్మంటే గడప దగ్గరే నిలబడ్డాడు.

"మీ పున్యాన పాప పేరు నిలబెట్టింది మేడం."

"ప్రొద్దుటూరు పంపిస్తున్నావు కదా?"

"లేదు మేడం. ఎంట్రన్సు అయితే రాసింది, ర్యాంకు కూడా వస్తాది. అయినా కాయితంలో లేదు కదా."

"లెక్కల్లో నూటికి నూరు వచ్చాయి కదప్పా."

"నూరు మీరు నేర్పిచ్చింది మేడం. పుట్టుకతో ఉండేది వేరే అంట కదా. దాన్ని కొలిచే పరీక్ష అని మీరే మీటింగులో చెప్పినారు. మా యమ్మ కాయితాన్ని లామినేషన్ చేపిచ్చి బీరువాలో పెట్టింది. ఇంగ నేనేం మాట్లాడల్ల?"

అవును, నేనే చెప్పాను. బి.ఎడ్.లో పది మార్కుల ప్రశ్న. సాధన అంటే ఇప్పటికే నేర్చుకున్నది, సహజ సామర్థ్యం అంటే ఇక మీద నేర్పితే ఎంత దూరం పోగలరో దాని అంచనా. నాకు ఎనిమిది మార్కులు వచ్చాయి.

చీనికాయలు పక్కింటి వాళ్లకు ఇచ్చేశాను.

మే 11

ఇంట్లో బోరు మోటర్ కాలిపోయి మూడు రోజులైంది. పైకి తీసి కమాల్ బాషా షాపుకే పంపించారు. ఎప్పుడిస్తాడో కనుక్కుందామని పోయాను. ఫోన్ చేసి కూడా కనుక్కోవచ్చు. పోయాను.

షాపులో మోటర్ ముందు కూర్చున్నది జువేరియా. వైరును గాడిలో ఎక్కించి, అవతలి నుంచి లాగి, మళ్లీ ఎక్కిస్తోంది. పెదవులు కదులుతున్నాయి. పిలవబోయాను. కమాల్ బాషా నోటి మీద వేలు పెట్టుకున్నాడు. గాడి నిండాక ఆ పిల్ల గోటితో ఒక్కొక్క వైరునే తాకుతూ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఆ తరువాతే తలెత్తి, "నమస్తే మేడం" అంది.

"రెండుసార్లు లెక్కపెట్టనిది వదలదు" అన్నాడు వాళ్ల నాన్న. "నేనే అట్ల నేర్పిచ్చినా. ఒక్క చుట్టు తక్కువైనా మోటర్ కాలిపోతాది మేడం. ఆరునూర్ల అడుగుల లోపల ఉంటాది. మళ్లా పైకి తీయల్లంటే మనుషులు, ట్రాక్టరు, రెండు దినాలు. అంతలోపల రైతు తోట ఎండిపోతాది. ఈ పని జల్దీ జల్దీ అంటే కాదు."

"నీకంటే బాగా చేస్తుందా?"

"ఈ ఏడు పాప చుట్టిన మోటరు ఒక్కటి కూడా తిరిగి రాలేదు. నావి మూడు వచ్చినాయి." నవ్వాడు. ఆ తరువాత నవ్వు ఆపేసి, "అయినా మేడం, దానికి ఈ తెలివి లేదంట కదా. యాడికి పోతాది, అలవాటు మీద చేస్తాంది" అన్నాడు.

పక్కనే కూర్చొని వింటోంది ఆ పిల్ల. వైరు ముక్కలు ఏరి డబ్బాలో వేస్తోంది.

మే 12

సూచనలన్నీ చదివాను. దాదాపు అన్నీ.

మే 13

బీరువాలో నుంచి సూచనల పుస్తకం తీశాను. నాలుగో పేజీలో మూడు వాక్యాల మీద పెన్సిల్ గీత ఉంది. గీత నాదే. స్కేలు పెట్టి గీశాను.

"తెలియని ప్రశ్న దగ్గర ఆగవద్దు. మీకు తోచిన జవాబు గుర్తించి ముందుకు వెళ్లండి. తప్పు జవాబుకు మార్కులు తగ్గవు."

పరీక్షకు ముందు రోజు సాయంత్రం, స్టాఫ్ రూములో కూర్చొని, ఇదేం చదువు అనుకుంటూ కొట్టేశాను. తోచింది పెట్టమని నా నోటితో ఎట్లా చెప్పేది? ముప్పై నాలుగేళ్లలో ఒక్క పిల్లకు కూడా చెప్పలేదు. ఊహించి రాసినవాళ్లను నిలబెట్టాను, ఇంపోజిషన్ రాయించాను. అదే నోటితో ఆ వాక్యం చదవలేను అనుకున్నాను. చదవలేదు.

వెనక బెంచీ వాళ్లు నేను చెప్పకపోయినా అట్లాగే పెట్టారు. నా మాట వినేవాళ్లే ఆగిపోయారు.

ఇది రాసేటప్పుడు ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. లేచి మంచినీళ్లు తాగి వచ్చాను.

మే 20

కార్తీక్‌కు ఫోన్ చేశాను. నా గొంతు గుర్తుపట్టాడు. జువేరియా పరీక్ష నంబరు ఇచ్చి జవాబుల కాగితం చూడమన్నాను. గంటలో ఫోటో పంపాడు, ఆ తరువాత తనే మళ్లీ ఫోన్ చేశాడు.

"మేడం, మెకానికల్లో ఆ అమ్మాయి పెట్టింది పద్నాలుగే. పద్నాలుగూ కరెక్ట్."

"మరి చాలా తక్కువ అని ఎట్లా వేశారు?"

"నలభైకి పద్నాలుగు కదా మేడం. కంప్యూటర్‌కు పెట్టనిదీ తప్పుదీ ఒకటే. మీ స్కూలు రిజల్ట్ చూసి మాకూ అనుమానం వచ్చింది. బాగా చదివే పిల్లలందరూ సగంలో ఆగిపోయారు. సూచనలు పూర్తిగా చదివారు కదా మేడం?"

"చదివాను" అన్నాను.

రిపోర్టు మార్చడం వాళ్ల చేతిలో లేదట. పరీక్ష పెట్టడంలో తేడా జరిగిందని స్కూలు తరఫున రాసి స్టాంపు వేసి ఇస్తే ఆ రిపోర్టులు చెల్లనట్టేనట. ఆ అబ్బాయి నాకు ఒక దారి చూపించాడు. నేను అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేశాను.

జూన్ 13

స్కూలు తెరిచారు. కొత్త టెన్త్. హెడ్మాస్టర్ నారాయణ సార్‌కు విషయం చెప్పాను. ఫ్యాను స్పీడు తగ్గించి కూర్చోమన్నాడు.

"ఎనిమిది నెలల్లో రిటైర్ అవుతాండారు వెంకటరమణమ్మ మేడం. మీరు ఒక్క పాపకు రాసిస్తే ముప్పై ఎనిమిది మంది వచ్చి కూచుంటారు. పైనుంచి మెమో వస్తాది. పెన్షన్ కాయితాలు కదలవు. ఇప్పుడెందుకు ఈ తలనొప్పి?"

"తప్పు నాది సార్."

"ఎవరు కాదన్న్యారు? రాయల్లనుకుంటే రాయండి, నేను అడ్డం రాను" అన్నాడు. మంచి మనిషి.

డిప్లొమా సీట్లకు ఆన్‌లైన్‌లో కాలేజీలు ఎంచుకునే ఆఖరు రోజు 21 అని నోటీసు బోర్డు మీద పెట్టారు. ఇంకా ఎనిమిది రోజులుంది.

జూన్ 17

షాపుకు పోయి కమాల్ బాషాకు చెప్పేశాను. నిలబడే చెప్పాను. నేను ఒక మాట చదవలేదు, అందుకే పాపకు తక్కువ వచ్చాయి, ఆ కాగితాన్ని నమ్మొద్దు అన్నాను. పద్నాలుగుకు పద్నాలుగు అని చెప్పాను. ఫోటో చూపించాను.

అతను ఫోటోను పెద్దది చేసి, పద్నాలుగు గుండ్రాలూ వేలితో లెక్కపెట్టాడు.

"అంటే పాపకు తెలివి ఉండాది."

"ఉంది."

"నాకు తెల్సు మేడం" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "నాకు తెల్సు. దినామూ చూస్తానే ఉండా. అయినా మీరిచ్చిన కాయితం ఇంట్లో ఉండేసరికి నా కండ్ల మీద నాకే నమ్మకం పోయింది."

నాకు సిగ్గేసింది. చాలా రోజుల తరువాత ఏదో ఒకటి అనిపించింది.

"మీ అమ్మకు నన్ను వచ్చి చెప్పమంటావా?"

"మాటలు మా యమ్మ వినదు మేడం. కాయితానికి కాయితం కావల్ల. ఆ కాయితం తప్పు అని ఇంకో కాయితం రాసి స్టాంపు ఏసి ఇయ్యండి. 21వ తేదీ లోపల ఇచ్చినారంటే నెట్ సెంటర్‌లో ప్రొద్దుటూరు పెట్టేస్తాం. రెండో విడతకు యాడో దూరం ఊర్లు మిగుల్తాయంట. ఖమర్‌బీ లేని ఊరికి మా యమ్మ సచ్చినా పంపదు."

ఇస్తాను అన్నాను. "మీరు చెప్పినారంటే ఇంగ అయిపోయినట్లే" అన్నాడు. టీ తెప్పించాడు.

జూన్ 18

నారాయణ సార్ లీవు పెట్టాడు. కూతురి ఊరికి పోయాడట. స్టాంపు బీరువాలో ఉంది.

జూన్ 19

ఉత్తరం రాశాను. "కొన్ని అనివార్య కారణాల వల్ల" అని మొదలుపెట్టాను. అనివార్యం ఏముంది అందులో, పెన్సిలూ స్కేలూ. చింపేశాను. మళ్లీ రాశాను. మళ్లీ చింపేశాను.

కొత్త క్లాసులో ఒక పిల్ల మూడో లెక్క దగ్గర ఆగిపోయి ఇరవై నిమిషాలు కూర్చుంది. చూస్తూ ఉన్నాను. వదిలేసి ముందుకు పొమ్మని చెప్పలేదు.

జూన్ 20

సార్ రాలేదు. స్టాంపు లేదు.

జూన్ 21

ఒంట్లో బాగాలేదు. స్కూలుకు పోలేదు. ఫోన్ ఆఫ్ చేసి పడుకున్నాను.

జూన్ 22

స్టాంపు బీరువా తాళంచెవి నాలుగు రోజులుగా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. సార్ లీవులో పోతే ఇన్‌చార్జి నేనే. సంతకం చేయాల్సింది నేనే. ఇది ఈ డైరీలో ఎందుకు రాయలేదో నాకు తెలియదు. తెలుసు.

పొద్దున్నే స్కూలుకు పోయి రాశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. "పరీక్ష నిర్వాహకురాలిగా నేను సూచనలలోని మూడు వాక్యాలను కావాలనే చదవలేదు. అందువల్ల ఈ పాఠశాల నుంచి రాసిన ముప్పై ఎనిమిది మంది విద్యార్థుల ఫలితాలు వారి సామర్థ్యాన్ని సూచించవు." సంతకం చేసి స్టాంపు వేశాను. ఒక కాపీ పైఆఫీసుకు పంపే కవరులో పెట్టాను. నాలుగు రోజులు ఇందుకేనా అనిపించింది.

షాపులో కమాల్ బాషా లేడు. వేములలో మోటర్ దించడానికి పోయాడు. జువేరియా ఒక్కతే వైరు ఎక్కిస్తోంది. పెదవులు కదులుతున్నాయి. నన్ను చూసి, ఆగమన్నట్టు ఎడమచెయ్యి ఎత్తింది. నేను ఆగలేదు. ఆగితే మళ్లీ చెప్పలేనని భయం. నిలబడినచోటనే మొత్తం చెప్పేశాను. మీ నాన్నకు చెప్పాను గానీ నీకు చెప్పలేదు, చెప్పాల్సింది ముందు నీకే, తోచింది పెట్టి ముందుకు పొమ్మని అందులో ఉంది, నేను చదవలేదు, తప్పు నాది అన్నాను. కాగితం ఆమె ముందు పెట్టాను.

ఆ పిల్ల చేతులు గుడ్డకు తుడుచుకొని కాగితం తీసుకుంది. చదివింది. నేను ఊహించినట్టే, మొదటి నుంచి ఇంకోసారి చదివింది.

"ఆ మాట చదివి ఉంటే పెట్టేదానివా, తోచింది?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలుసు. పెట్టేదాన్ని కాదు మేడం అంటుందని, అంటే కొంచెం ఊపిరి ఆడుతుందని.

ఆలోచించింది. ఆ పిల్ల ఏదీ ఆలోచించకుండా చెప్పదు.

"పెట్టేదాన్ని కాదేమో మేడం" అంది. తరువాత, "నాకు రాదు కదా అట్ల. మీరు నేర్పీలేదు" అంది. కోపంగా అనలేదు.

మీ నాన్న ఎప్పుడు వస్తాడు అన్నాను.

"సాయంత్రం వస్తాడు. నిన్నటి పని కూడా ఈ పొద్దే చేసుకోవల్ల."

"నిన్న ఎందుకు చేయలేదు?"

"నిన్న షాపు తీయలేదు మేడం. మా నాయన పొద్దున్నుంచి నెట్ సెంటర్ కాడే కూచున్న్యాడు. మేడం చెప్పింది, కాయితం తెస్తాది అని. అది చూపిస్తేనే మా దాదీ ఒప్పుకునేది. ఆ సెంటరాయన పెట్టేద్దామా భాయ్, టైమైతాంది అని మూడుసార్లు అడిగినాడంట. ఉండప్పా, మేడం దోవలో ఉంటాది అన్న్యాడంట. మీకు ఫోన్ చేస్తే స్విచాఫ్ వచ్చింది. సాయంత్రం వాళ్లు మూసేసినంక ఏమీ పెట్టకుండానే ఇంటికి వచ్చినాడు."

"ఏమన్నాడు?"

"మేడంకు బాగాలేదేమో, రేపు పోయి చూసొస్తా అన్న్యాడు."

జువేరియా ఉత్తరాన్ని నలగకుండా గోడ అరలో, ధూళి పడని చోట పెట్టింది. వచ్చి మోటర్ ముందు కూర్చుంది. వైరు చేతిలోకి తీసుకొని గాడి వైపు చూసింది.

"ఎన్ని చుట్లు అయినాయో మర్చిపోయినా మేడం" అంది.

ఎక్కించిన వైరంతా మెల్లగా వెనక్కి లాగేసింది. ఒకటి నుంచి మొదలుపెట్టింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆమె లెక్క పూర్తయ్యేదాకా మాట్లాడలేదు.